కాలిబాట మా పక్కే వేయండి

సంపాదకుడు గారికి,

నెల్లూరు పొదలకూరు రోడ్డు నుంచి మా కాలనీలోకి తిరిగే వీధికి కాలిబాట వేసే ఆలోచన ఉందని ఇంజినీరు గారు సమావేశంలో ప్లాను కాగితం పరిచి చూపించిన రోజు అందరం చప్పట్లు కొట్టాం. ఇంతలో వెనక కుర్చీలోంచి ఎవరో "ఏ పక్క వేస్తారు సార్?" అని అడిగారు. చప్పట్లు అక్కడితో ఆగిపోయాయి. తూర్పు వరుస వాళ్లు పడమటి వరుసను చూపించారు, పడమటి వరుస వాళ్లం తూర్పు వరుసను చూపించాం. గంటన్నర గడిచాక, ఎవరి మనసూ నొప్పించకుండా రెండు పక్కలా మూడేసి అడుగులు వేద్దామని ఒక మాట అనుకుని, టీ తాగి లేచాం. ఆ మాట ఇంకా ఖరారు కాలేదు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు పక్కలా మూడేసి అడుగులు వద్దు. ఒక్క పక్కనే ఆరడుగులు వేయండి. అదీ మా పడమటి పక్కే వేయండి.

మూడడుగులు వామనుడికి చాలాయి గానీ మాకు చాలవు. తూర్పు పక్కన వరుసగా కరెంటు స్తంభాలున్నాయి. ఒక్కో స్తంభం, దాని కింది సిమెంటు దిమ్మె కలిపి అడుగున్నర తింటాయి. మిగిలిన అడుగున్నరలో చేతిసంచీతో ఉన్న మనిషి పక్కకు తిరిగి నడవాలి. రెండు స్తంభాలు దాటేసరికి విసుగు పుట్టి రోడ్డు మీదికి దిగుతాడు, ఇక మళ్లీ ఎక్కడు. దేశంలో రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల సౌకర్యాలపై ఇచ్చిన మార్గదర్శకాల్లో, నడవడానికి అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఉంది. అంటే దాదాపు ఆరడుగులు. ఎదురెదురుగా వచ్చే ఇద్దరు, అందులో ఒకరు చక్రాల కుర్చీలో ఉన్నా, ఒకరినొకరు దాటుకుపోవాలంటే ఆ మాత్రం చోటు కావాలి. ఆ ఆరడుగులనే చెరి సగం చేసి పంచితే రెండు వరుసలకూ న్యాయం జరిగినట్టు కాగితం మీద కనిపిస్తుంది. నడిచేవాడికి మాత్రం ఏ పక్కా దారి ఉండదు.

పడమటి పక్కే ఎందుకంటే ఇంకో కారణం నీడ. మధ్యాహ్నం మూడు దాటితే మా వరుస ఇళ్ల నీడ మా ముంగిట్లోనే పడుతుంది. బడి వదిలి పిల్లలు వచ్చేది ఆ వేళకే. నెల్లూరు ఎండలో మండుతున్న సిమెంటు మీద నడవమని ఎవరినైనా బతిమాలినా నడుస్తారా?

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మా గేటు ముందు సైడు కాల్వ మీద కారు ఎక్కడానికి ర్యాంపు ఉంది. నేనే వేయించాను. అందంగా ఉంటుందని, చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్కలు మిగిలినవి చౌకగా దొరికితే పైన పరిపించాను. కిందటి కార్తీకంలో, రాత్రి వాన కురిసిన తెల్లవారి, గుడికి పోయి వస్తున్న మా వీధి పెద్దావిడ దాని మీద కాలు జారి పడ్డారు. చేతిలోని ఇత్తడి చెంబు దొర్లుకుంటూ వెళ్లి కాల్వలో పడింది. మణికట్టు విరిగింది. ఆసుపత్రికి తీసుకువెళుతుంటే ఆవిడ "నీ తప్పేముంది నాయనా, చూసుకోకుండా కాలు పెట్టింది నేను" అన్నారు. ఆవిడ అటువైపు వచ్చింది ఎందుకంటే, ఎదురు పక్కన రెండు కార్లు నిలిపి ఉన్నాయి. మధ్యలో మోటారు సైకిళ్లు. ఆవిడకు మిగిలింది నా గ్రానైటు. అప్పటినుంచి ఆ పలకల మీద గోనెసంచి పరిచి ఉంచుతున్నాను. అది పరిష్కారం కాదని నాకూ తెలుసు.

మొన్నటి సమావేశంలో మా వరుసలో ఒకాయన, తూర్పు వాకిలి ఇంటికి ఎదురుగా మెరక వస్తే వాస్తు దెబ్బతింటుందని లేచి చెప్పారు. వాస్తు మీద నాకు వాదం లేదు. కానీ ఆయన గేటు ముందు ర్యాంపు ఇప్పటికే రోడ్డుకు అడుగున్నర ఎత్తులో ఉంది. మార్గదర్శకాల ప్రకారం కాలిబాట అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లకు, అంటే సుమారు అర అడుగుకు మించకూడదు. ఆ లెక్కన కాలిబాట వస్తే ఆయన మెరక తగ్గుతుంది.

ఇక్కడ ఇంజినీరు గారికి కూడా ఒక విన్నపం. గేటు వచ్చిన చోటల్లా కాలిబాటను కిందికి దించి, దాటాక మళ్లీ ఎక్కించే పద్ధతి వద్దు. మా వీధిలో ప్రతి ఇరవై, ముప్ఫై అడుగులకు ఒక గేటు ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అన్నిసార్లు ఎక్కి దిగలేక రోడ్డే మేలనుకుంటారు. బాట ఒకే మట్టాన సాగాలి. రోజుకు రెండుసార్లు వచ్చిపోయే కారే కొంచెం ఎక్కి దిగాలి.

సైడు కాల్వ మీద కాలిబాట వేస్తే వాన నీళ్లు పోవని లేచిన అభ్యంతరాన్ని మాత్రం తీసిపారేయకూడదు. మాకు అసలు వాన అక్టోబరు, డిసెంబరు మధ్యే. 2015, 2021 నవంబరు వరదలను ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. కాల్వ మీద మొత్తం సిమెంటు పోత పోసేస్తే అడుగున పూడిక ఎలా తీస్తారు? పారిశుద్ధ్య పని చేసే ఒకావిడ తలుపు దగ్గర నిలబడే అడిగారు: "మూత తీసే దారి లేకుంటే మేము బురద ఎక్కడినుంచి ఎత్తాలి సార్?" ఆ రోజు అడిగిన ప్రశ్నలన్నిటిలో పనికొచ్చే ప్రశ్న అదే. దానికి జవాబు దొరకకుండానే టీ వచ్చేసింది. ఇద్దరు మనుషులు కొక్కెం వేసి ఎత్తగలిగిన మూతలు దూరం దూరంగా ఉండాలి. రోడ్డు మీది నీరు కాల్వలోకి దిగడానికి అంచులో కంతలు ఉండాలి. ఇప్పుడున్న కడప బండలు సగం విరిగి ఊగుతున్నాయి, అవి ఎటూ తీసేయవలసినవే.

మలుపులోని టిఫిన్ బండిని ఈ వంకతో లేపేయాలని కొందరు ఉత్సాహపడ్డారు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, అది పూర్తికాకుండా ఎవరినీ తొలగించకూడదు. పైగా ఆ బండి పది గంటలకల్లా వెళ్లిపోతుంది. మా ర్యాంపులు ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటాయి.

ఇంత చిన్న వీధికి ఇంత రభస ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది. ఇది కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదికలోని లెక్క. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, కాలిబాట మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఆ హక్కు మా వీధిలోకి వచ్చేసరికి "ఎదురు పక్క వేయండి" అయింది.

వచ్చే సమావేశానికి మా వరుస వాళ్లలో ఇద్దరిని ఒప్పించగలిగాను. మూడో ఆయన, నా ర్యాంపు పోయాక వచ్చి మాట్లాడమన్నారు. న్యాయమే. మేస్త్రీని పిలిపించి కొలిపించాను. నా ర్యాంపు వీధిలోకి నాలుగడుగుల రెండంగుళాలు వచ్చి ఉంది. గేటు లోపల రెండు పూలకుండీలు జరుపుకుంటే వాలు అంతా నా స్థలంలోనే సరిపోతుందట. ఆదివారం పగలగొడుతున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పొదలకూరు రోడ్డు, నెల్లూరు