సత్యానికి, భద్రాచలం నుంచి

భద్రాచలం,
24 జూలై 2022

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరం క్షేమం, అమ్మాయి పరీక్ష పాసైంది, మిగతా కబుర్లు మరోసారి. పదిహేనో తేదీ రాత్రి సంగతి ఎవరికైనా పూర్తిగా చెప్పుకుంటే తప్ప నాకు మనసు నిలవడం లేదు, అది నీకే చెప్పాలి.

వరద వార్తలు నువ్వు చూసే ఉంటావు. ఇక్కడ గోదావరి 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48 దాటితే రెండవది, 53 దాటితే మూడవది. ఆ తరువాత హెచ్చరికలు లేవు, నీళ్లే ఉంటాయి. పైన కడెం ప్రాజెక్టుకు అది వదలగలిగినదానికంటే ఎంతో ఎక్కువగా వరద వచ్చి కట్ట మీదుగా పొర్లిందనీ, అయినా ఆ కట్ట నిలిచిందనీ విన్నాము. పద్నాలుగో తేదీ సాయంత్రం వంతెన మీద రాకపోకలు ఆపివేశారు. మేము ఈ ఒడ్డున ఉన్నాము. నాన్న ఆ ఒడ్డున, సారపాకలో, ఏటి వైపు పల్లపు వీధిలో ఒంటరిగా ఉన్నారు. రమ్మని అంతకు ముందే ఎంతో బతిమాలాను. 1986లో 75.6 అడుగులు చూసినవాణ్ణి, నాకు గోదావరిని కొత్తగా పరిచయం చేయకు అన్నారు. ఆయన గొంతు నీకు తెలుసు కదా, ఆ గొంతు విన్నాక ఎవరు మాట్లాడగలరు?

పదిహేనో తేదీ చీకటి పడ్డాక ఆయన ఫోను మూగబోయింది. కంట్రోల్ రూముకు చేశాను, తెలిసిన పడవవాళ్లకు చేశాను, బూర్గంపాడులో ఉన్న మన పాత మిత్రులందరికీ చేశాను. లైను దొరికినవాళ్లు తామే మేడల మీద ఉన్నామన్నారు. గంట గంటకూ మట్టం పెరుగుతున్నట్టు కబురు వస్తోంది, ఇవతల కరకట్ట దగ్గర ఇసుక బస్తాలు వేస్తున్నారు, కరెంటు లేదు. నేను చేయగలిగిన పని ఒక్కటి కూడా మిగలని ఆ ఘడియను ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు సత్యం. బాధ్యతలు మోయడం అలవాటైన మనిషికి చేతులు ఖాళీ అయిపోవడం ఎంత భయంకరమో

సరే, అది వదిలేస్తాను. డాబా ఎక్కాను. చీకట్లో గుడి ఉన్న దిక్కుకు తిరిగి నిలబడి, ప్రార్థన చేయాలనుకుని, రాముణ్ణి తిట్టాను. బతికినన్నాళ్లూ నీ కల్యాణ తలంబ్రాల కోసం మా అమ్మ గోటితో వడ్లు ఒలిచిందనీ, ఆ గోళ్లు పగిలి రక్తం వచ్చినా ఆపలేదనీ, ఆమె భర్తను ఇలా నీళ్లలో వదిలేస్తావా అనీ గట్టిగానే అడిగాను. అడుగుతూ ఉండగానే గోపన్న గుర్తుకొచ్చాడు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, శిస్తు సొమ్ముతో ఈ గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని చెప్పుకునే ఆ మహానుభావుడు, సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి ఎన్ని వరహాలైందో లెక్క చెప్పి, ఎవరి సొమ్మని ఇంత దర్జా అని స్వామిని నిలదీసి, అదే నోటితో, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, కష్టపెట్టుకోవద్దని వేడుకున్నాడు. శరణు వేడినవాడు తన కోపాన్ని కూడా దాచుకోకుండా ఆయన ముందే పెడతాడని నాకు ఆ డాబా మీదే అర్థమైంది. ఇన్నాళ్లూ నేను మంచి మాటలు మాత్రమే సమర్పించి, భయాన్నీ కోపాన్నీ నా దగ్గరే అట్టేపెట్టుకున్నాను. ఆ రాత్రి అన్నీ ఇచ్చేశాను. నాన్న నాకంటే ముందు నీవాడు, ఉంచుకున్నా నువ్వే, తీసుకున్నా నువ్వే అన్నాను. "తీసుకున్నా" అనే మాట పలకడానికి ఎంతసేపు పట్టిందో నీకు ఊహకు అందుతుందనుకుంటాను.

తరువాత కిందికి దిగి పడుకుంటే నిద్ర పట్టింది! ఏ కబురూ రాలేదు, నది తగ్గలేదు, అయినా పట్టింది. ఈ ఉత్తరం రాస్తున్నదే ఆ నిద్ర గురించి. మట్టం 71.3 అడుగులకు చేరి, 24 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు మా పక్కనుంచి వెళ్లిపోతున్న వేళ నేను పసివాడిలా నిద్రపోయాను.

తెల్లవారాక ఎదురింటి మెకానిక్ కుర్రవాడు ఫోను చేశాడు. అర్ధరాత్రి నడుము లోతు నీళ్లలో వెళ్లి నాన్నను భుజాన వేసుకుని తమ మేడ మీదికి చేర్చాడట. నాన్న వెంట తెచ్చుకున్నది మన ఆకుపచ్చ ట్రంకుపెట్టె ఒక్కటే. అందులో ఏముందో నీకూ నాకూ తెలుసు కనుక చెబుతున్నాను, తడవలేదు, నిశ్చింతగా ఉండు.

నాన్న దక్కారు కనుక ఇలా రాస్తున్నానని మాత్రం అనుకోకు. పునరావాస కేంద్రంలో ఒక పెద్దావిడ ఇల్లు, మేకలు, సర్వం పోగొట్టుకుని కూడా, అన్నం ముట్టుకునే ముందు గోపురం వైపు తిరిగి దండం పెట్టుకుంది. ఏమని దండం పెట్టుకుందో అడగాలనిపించింది, నోరు రాలేదు. ఆమెకు దక్కనిది నాకెందుకు దక్కిందో నాకు తెలియదు. ఆ లెక్క కూడా ఆయనకే అప్పగించాను, కానీ అది అప్పగించడం మొదటిదానికంటే కష్టంగా ఉంది. రోజూ మళ్లీ నా చేతిలోకే వచ్చి పడుతోంది, రోజూ మళ్లీ ఇస్తున్నాను. దీని గురించి నువ్వేమంటావో

సారపాకకు బ్లీచింగు పొడి తీసుకువెళ్లే ఆటో వచ్చి హారను మోగిస్తోంది. నాన్న ఇంట్లో మోకాలి మందాన ఒండ్రు ఉంది, చీకటి పడేలోగా ఎత్తిపోయాలి. నాన్న నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. వెంటనే రాయి.

నీ
రాఘవ