రెట్రో వీడియోలు రెండు వారాలు ఆలస్యం: జరిగింది ఇదీ

రెట్రో లిరికల్ వీడియోల కోసం మా స్టూడియోకు అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం. ఈ నెలాఖరుకు ఇస్తామన్నవి మరో రెండు వారాలు పడతాయి. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకన్నా, మొత్తం ఒకేచోట రాయడం సరైన పని అనిపించింది.

వైజాగ్‌కు చెందిన ఒక యువ గాయకుడు, సొంతంగా చేసుకున్న నాలుగు పాటలకు వీడియోలు అడిగారు. తొంభైల్లో వాళ్లింట్లో పెళ్లి క్యాసెట్ వేసుకుని చూసినట్టు ఉండాలన్నారు. మొదటి పాటకు మేం రెడీమేడ్ ఎఫెక్ట్ వేశాం. తెరనిండా గీతలు, వణుకు, మూలన ‘ప్లే’ అనే అక్షరాలు. ఆయన చూసి, "బాగుంది గానీ అన్నా, మేం ఇలా ఎప్పుడూ చూడలేదు. గీతలొస్తే నాన్న లేచి వీసీఆర్ మీది ట్రాకింగ్ బటన్ తిప్పి సరిచేసేవారు" అన్నారు.

నిజమే. అలా సరిచేశాక మిగిలేదే అసలు క్యాసెట్ బొమ్మ. ఆ క్యాసెట్లలో ఉండే వీహెచ్‌ఎస్ టేపు మీద వెలుగునీడలకన్నా రంగులకు దక్కే చోటు చాలా తక్కువ. అందుకే పెళ్లికూతురి చీర ఎరుపు అంచు దాటి పక్కాయన తెల్లచొక్కా మీదికి పాకుతుంది. ఆ పాకుడు కోసం వీడియోను వీసీఆర్‌లోకి పంపి, నిజం క్యాసెట్ మీద రికార్డు చేసి, మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని నిర్ణయించుకున్నాం.

పొరపాటు ఇక్కడే జరిగింది, అది నాదే. కంప్యూటర్‌కీ వీసీఆర్‌కీ మధ్య ఒక చిన్న కన్వర్టర్ పెడతాం. దాని పక్కన గోరంత స్విచ్. ఒకవైపు పాల్, రెండోవైపు ఎన్‌టీఎస్‌సీ; రెండూ టీవీ బొమ్మను పంపే పద్ధతులు. మన దూరదర్శన్ చూపించింది పాల్: 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ అమెరికా, జపాన్‌ల పద్ధతి: 525 గీతలు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. స్విచ్ పాల్ మీద ఉండాల్సింది, ఎన్‌టీఎస్‌సీ వైపు ఉండిపోయింది. మా వీసీఆర్ రెండింటినీ తీసుకునే రకం కావడంతో పని ఎక్కడా ఆగలేదు. మూడు పాటలు అలాగే పంపేశాం. గోదావరి మీద పడవ నిదానంగా జరిగే షాట్‌లో, ఫ్రేముల లెక్క కుదరక, చిన్నచిన్న గెంతులు పడుతున్నాయని ఆయనే పట్టుకున్నారు. నేను చూడాల్సింది కస్టమర్ చూశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడూ మళ్లీ చేశాం. ఈసారి అక్షరాలు కూడా మార్చాం. సన్నటి ఫాంట్ టేపు మీద నిలవదు. తలకట్లు చెరిగిపోతాయి, ‘ష’ లోపలి గీత కలిసిపోయి ‘నిమిషం’ కాస్తా ‘నిమిపం’ అవుతుంది. చివరికి సైన్‌బోర్డులు రాసే ఒక పెద్దాయనతో ప్రతి చరణాన్నీ లావు కుంచెతో అట్ట మీద రాయించి స్కాన్ చేశాం. తెల్ల అక్షరం, చుట్టూ నల్ల అంచు. టేపు మీంచి తిరిగొచ్చాక కూడా ప్రతి ఒత్తూ చదవొచ్చు. మా చేతి మీదుగా వెళ్లిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

మీ వీడియోలూ ఇలాగే టేపు మీద చేస్తున్నాం కాబట్టే ఈ ఆలస్యం. ఈ పద్ధతిలో తొందర కుదరదు. నాలుగు నిమిషాల పాటకు రికార్డింగ్ నాలుగు నిమిషాలు, ఎక్కించడం ఇంకో నాలుగు, తేడా వస్తే మళ్లీ మొదటికి. చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేశాక కొత్త వీసీఆర్‌లు తయారవడం లేదు. మాది సెకండ్ హ్యాండ్. టేపును చదివే హెడ్ పాడైతే కొత్తది దొరకడం కష్టం.

అడ్వాన్స్ ఇచ్చినవారికి పాత రేటే, పైసా ఎక్కువ అడగం. రెండు వారాలు ఆగలేనివారు చెప్పండి, మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం. టేపు అక్కర్లేదు, ఎఫెక్ట్ చాలు అనుకునేవారికి ముందు చెప్పిన తేదీకే ఇస్తాం. కొత్త ఆర్డర్లకు మాత్రం టేపు పని ఖర్చు వేరుగా రాస్తాం.

ఒక విన్నపం. మీ అటక మీద పనిచేసే వీసీఆర్ గానీ, సీలు విప్పని ఖాళీ క్యాసెట్లు గానీ ఉంటే అమ్మేముందు మాకొక మాట చెప్పండి. మేమే వచ్చి, సరైన ధర ఇచ్చి తీసుకెళ్తాం.