వాన మీదకి నెట్టేసే ముందు క్వాలిటీ గీత చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు, నాలుగు చినుకులు పడితే చాలు డిష్‌లో బొమ్మ ఆగిపోతోంది, కంపెనీకి ఫోన్ చేస్తే వాన కదండీ అంటున్నారు, సగం ఛానళ్లయితే ఎండలోనూ రావట్లేదు అని. ఆయన బాధ నాకు బాగా తెలుసు, ఎందుకంటే రెండేళ్లు మేమూ అదే మాట నమ్మి కూచున్నాం. కానీ చివర్లో "ప్రకృతిని ఏం చేస్తాం" అని సర్దుకుపోయారు చూడండి, అది మాత్రం నేను ఒప్పుకోను. అందుకే ఈ ఉత్తరం, పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

మేముండేది చెన్నై పెరంబూర్లో, రెండో అంతస్తు, పైన మొట్టమాడి (డాబా అనే మాట నా నోట్లోంచి పోయి ఇరవై ఏళ్లయింది). మా అత్తయ్యది సూళ్లూరుపేట. మా కేబుల్లో తెలుగు ఛానళ్లు ఈ నెల ఉన్నవి వచ్చే నెల ఉండవు, ఆవిడకేమో పొద్దున్నే తెలుగు మాట వినపడకపోతే కాఫీ దిగదు, అందుకని డీడీ ఫ్రీ డిష్ పెట్టించాం, నెలనెలా కట్టేదేం లేదు, సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి. వీధి చివర కొట్లో డిష్షూ బాక్సూ కొన్నాం, కొట్టు కుర్రాడే వచ్చి బిగించాడు, అరగంట పని. టీవీలో బొమ్మ పడగానే "వచ్చేసింది అక్కా" అని డబ్బులు తీసుకుని మెట్లు దిగిపోయాడు. అసలు తప్పంతా ఆ "వచ్చేసింది" దగ్గరే ఉంది.

మొదటి వానకే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయింది. కుర్రాడికి ఫోన్ చేస్తే "మళై వందా అప్పిడిదాన్ అక్కా" అన్నాడు, వానొస్తే అంతే అని. సరే అనుకున్నాం. తర్వాత్తర్వాత వాన లేని రోజు కూడా పోవడం మొదలైంది, ముఖ్యంగా ఆదివారం పొద్దున. ఈసారి వాడు మొట్టమాడి ఎక్కి అటూ ఇటూ చూసి, ఎదురుగా కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ అడ్డమొచ్చింది, డిష్ జాగా మార్చాలి, కొత్త కేబుల్ పడుతుంది, ఇంత అవుతుంది అని ఒక లెక్క చెప్పాడు. ఆ లెక్క విన్నాకే నాకు రోషం వచ్చి నేనే నేర్చుకుందామని కూచున్నాను.

వాన సంగతి ముందు చెప్తాను, అందులో అబద్ధం లేదు. ఈ సిగ్నల్ వచ్చేది కేయూ బ్యాండ్‌లో, అంటే పదకొండు గిగాహెర్ట్జ్ దగ్గర, ఆ అల పొడవు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు, వాన చినుకులు దాన్ని కొంత మింగేస్తాయి. మన నవంబర్ వానలు ఎలా ఉంటాయో తెలుసు కదా, కుండపోతగా కురిస్తే ఎంత బాగా బిగించిన డిష్ అయినా ఐదు పది నిమిషాలు చేతులెత్తేస్తుంది, దానికి ఎవర్నీ అనక్కర్లేదు. కానీ తుంపరకే పోతోందంటే ఎండలో కూడా అది అంచు మీదే ఉందని అర్థం. జేబులో సరిగ్గా టికెట్ డబ్బులే పెట్టుకుని బయల్దేరినవాడు బస్సు టికెట్ ఒక్క రూపాయి పెరిగినా నడిచి పోవాల్సిందే కదా, అలాగన్నమాట.

అంచు మీద ఉందో లేదో మన బాక్సే చెప్తుంది. మెనూలో మాన్యువల్ సెర్చ్‌లోకి వెళ్తే రెండు గీతలు కనపడతాయి, ఒకటి స్ట్రెంత్, ఒకటి క్వాలిటీ. అందరూ చూసేది స్ట్రెంత్, అది మా ఇంట్లో ఎప్పుడూ ఎనభై ఆరే. డిష్‌ని ఆకాశంలో ఏమీ లేని వైపు తిప్పినా ఎనభైకి తగ్గలేదు, ఎందుకంటే అది డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ పని చేస్తోంది, కేబుల్లో ఏదో వస్తోంది అని చెప్పే గీత మాత్రమే, వచ్చేది పాటో గోలో దానికి అక్కర్లేదు. పనికొచ్చేది క్వాలిటీ. మాది ఇరవై రెండు. ఇరవై రెండులో కూడా బొమ్మ అద్దంలా వస్తుందండీ, అదే మోసం, డిజిటల్ కాబట్టి పాత యాంటెన్నాలాగా చుక్కలు చుక్కలుగా వచ్చి మనల్ని హెచ్చరించదు, ఉంటే పూర్తిగా ఉంటుంది లేకపోతే పోతుంది. కుర్రాడు అద్దం లాంటి బొమ్మ చూసి వెళ్లిపోయాడు.

ఇంక ఆ అపార్ట్‌మెంట్ నేరం. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి, అది భూమధ్యరేఖ పైన 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. చెన్నై నుంచి లెక్క కడితే దిక్కు ఉత్తరం నుంచి కుడివైపుగా దాదాపు 134 డిగ్రీలు, అంటే అచ్చంగా ఆగ్నేయమూల. (అత్తయ్యకి ఈ మాట చెప్తే "అగ్ని మూల వంటిల్లు కదే, టీవీ ఎందుకు పెట్టార్రా అక్కడ" అన్నారు. ఆవిడకి ఇంకో నమ్మకం, ఆ శాటిలైట్ వాళ్ల ఊరి పక్క శ్రీహరికోట నుంచే ఎగిరిందని. కాదు, 3,164 కిలోల బరువు, అప్పట్లో మన రాకెట్లు అంత బరువుని ఆ దారిలో మొయ్యలేవు, 2015 నవంబర్లో ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియన్ రాకెట్ మీద పోయింది. చెప్పాను, మొహం ముడుచుకున్నారు.) ఇక డిష్ చూపు ఎత్తు నేల మట్టం నుంచి 68 డిగ్రీలు, అంటే దాదాపు నడినెత్తి మీదకి చూడాలి. అంత పైకి చూసే డిష్‌కి నలభై అడుగుల దూరంలో ఉన్న బిల్డింగ్ అడ్డం రావాలంటే అది డిష్ కంటే ఇంకో వంద అడుగులు పైకి లేవాలి. మా ఎదురుది నాలుగంతస్తులే.

మరి చూస్తే మాత్రం డిష్ మూతి ఎదురింటి వాటర్ ట్యాంక్ వైపే ఉన్నట్టు కనపడుతుంది, కుర్రాడిని పూర్తిగా తప్పు పట్టను. ఈ ఇంటి డిష్‌లు పెద్ద గిన్నెలోంచి ఒక పక్క ముక్క కోసినట్టు చేస్తారు, ఎల్‌ఎన్‌బీ మధ్యలో అడ్డంగా ఉండకుండా కింద ఉండేలా, అందువల్ల అది చూస్తున్నట్టు మనకి అనిపించే చోటు కంటే ఇరవై పాతిక డిగ్రీలు పైకి చూస్తుంది.

దిక్కు కోసం ఫోన్లో కంపాస్ తీస్తే ముల్లు తాగినవాడిలా ఊగింది, డిష్ పైపు పక్కనే నిలబడ్డాను, వెనక ట్యాంక్ ఇనప స్టాండ్. పదడుగులు దూరం జరిగి చూస్తే కుదురుకుంది. మా మరిది ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్ నుంచి చిన్న మీటర్ ఒకటి తెచ్చిచ్చాడు, కుయ్యిమని అరుస్తుంది, అరుపు బాగుంది కానీ ఏ శాటిలైట్‌ని చూసి అరుస్తోందో చెప్పదు. పక్కనే 95 డిగ్రీల దగ్గర డబ్బు కట్టే డీటీహెచ్ ఛానళ్లు మోసే ఇంకోటి ఉంది, దాన్ని పట్టుకుని ఒక గంట మురిసిపోయాను. చివరికి బాక్స్‌లో గీతే దిక్కయింది.

ఆదివారం ఏడింటికి, ఎండ ఎక్కకముందే, నేను పైన, మా వాడు కింద టీవీ ముందు, ఫోన్ స్పీకర్లో.

"ఎంతుందిరా?"

"ఇరవై రెండు."

"ఇప్పుడు?"

"సున్నా."

"ఇప్పుడో?"

"సున్నానే. అసలేం చేస్తున్నావమ్మా నువ్వు?"

తిప్పుతూనే అడుగుతున్నాను, అదీ నేను చేస్తున్నది. బాక్స్ సిగ్నల్ని పట్టుకుని నంబర్ చూపించడానికి మూడు నాలుగు సెకన్లు తీసుకుంటుంది, మనం ఆగకుండా తిప్పితే సరైన చోటు దాటిపోయాక అది నోరు తెరుస్తుంది. అదృష్టం కొద్దీ నట్లు వదులు చెయ్యకముందే పాత స్థానం దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకున్నాను, మళ్లీ అక్కడికి తెచ్చి, ఈసారి గోరంత జరపడం, ఐదు లెక్కపెట్టడం, అప్పుడు అడగడం. ముప్పై ఒకటి, ముప్పై ఎనిమిది, నలభై ఒకటి. చాలనుకుని ఒక పక్క నట్టు గట్టిగా బిగిస్తే ముప్పైకి పడిపోయింది! నట్టు బిగుస్తూ బిగుస్తూ డిష్‌ని తనవైపు లాక్కుంటుంది, అటొక పావు తిప్పు ఇటొక పావు తిప్పు బిగించాలి.

ఈలోగా ఎనిమిదయింది, ఓనరమ్మ బకెట్ పట్టుకుని పైకొచ్చారు, బాగున్నావా అంటూ తడి దుప్పటి దండెం మీద వేశారు. నేను డిష్ ముట్టుకోలేదు, రెంచ్ కింద పెట్టి చెమట తుడుచుకుంటున్నాను. కింద నుంచి మా వాడి కేక, "అమ్మా పోయింది! ఏం కదిపావ్?"

దండెం ఒక కొస ట్యాంక్ స్టాండ్‌కి, రెండో కొస మా డిష్ పైపుకి కట్టుంది. రెండేళ్లుగా రోజూ ఎక్కి దిగే మొట్టమాడి, నా కంటికి ఆ తాడు ఒక్కసారి ఆనలేదు. తడి బట్టల బరువుకి పిట్టగోడలో బోల్టులు వదులై పైపు ఆమె దండెం వైపు వాలింది. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీసి చూశాం, మూడడుగుల పైపు పైన అంగుళం వాలి ఉంది. అంగుళమే కదా అంటారేమో, అది డిగ్రీన్నర, రెండడుగుల డిష్ అంత పక్కకి చూస్తే అందే సిగ్నల్లో సగం పోతుంది. అక్కడ పైన ఒక్క డిగ్రీ అంటే ఆరు వందల కిలోమీటర్లు. ఆదివారం పొద్దున బొమ్మ ఎందుకు పోయేదో అర్థమైంది, ఆదివారం దుప్పట్లు ఉతికే రోజు. వానొచ్చినప్పుడు ఎందుకో కూడా కొంత అర్థమైంది, చినుకు పడగానే ఆవిడ పరిగెత్తుకొచ్చి బట్టలు బరబరా లాగేవారు!

బోల్టులు కొత్తవి వేయించి, మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి పైపు నిటారుగా నిలబెట్టి మళ్లీ మొదట్నుంచి తిప్పితే యాభై ఎనిమిది వచ్చింది. పైపు వంకరగా ఉంటే దిక్కు సరిచేస్తే ఎత్తు చెడుతుంది, ఎత్తు సరిచేస్తే దిక్కు చెడుతుంది, అందుకని పైపు పని ముందు.

మిగిలింది ఎల్‌ఎన్‌బీ మెలి, దీని గురించి ఎవరూ చెప్పరు. ఎల్‌ఎన్‌బీని దాని క్లాంపులోనే ఇటూ అటూ తిప్పాలి, పైనుంచి వచ్చే అల ఏ వాలులో వస్తే దీన్ని అదే వాలుకి పెట్టాలి. మనం భూమధ్యరేఖకి దగ్గర, శాటిలైట్ మనకి తూర్పుగా ఉంది కాబట్టి మనకి ఆ వాలు చాలా ఎక్కువ, లెక్క ప్రకారం ఈ శాటిలైట్‌కి ఢిల్లీలో 27 డిగ్రీలు చాలు, చెన్నైలో దాదాపు 45. డబ్బాలో వచ్చిన కాగితం మీద బొమ్మలో మాత్రం నిటారుగా ఉంది, కుర్రాడు బొమ్మలో ఉన్నట్టే పెట్టాడు పాపం. ఎటు తిప్పాలో నంబరే చెప్పింది. డెబ్బై ఒకటి దగ్గర ఆపాను. ఆ తర్వాత వచ్చిన వానల్లో ఒక్కసారే పోయింది, అదీ వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజు.

ఉత్తరం రాసినాయనకి ఒక మాట. సగం ఛానళ్లు ఎండలోనూ రావట్లేదు అన్నారు కదా, అది డిష్ దిక్కు కాకపోవచ్చు. బాక్స్ కేబుల్లోంచి ఎల్‌ఎన్‌బీకి కరెంట్ పంపిస్తుంది, 13 వోల్టులు పంపితే నిలువు అలల మీద వచ్చే ఛానళ్లు, 18 పంపితే అడ్డం అలల మీద వచ్చేవి అందుకుంటుంది, మధ్యలో కనెక్టర్ తుప్పు పట్టి వోల్టేజ్ తగ్గిపోతే ఆ రెండో సగం ఎగిరిపోతుంది. మన సముద్రపు గాలికి ఇది మామూలే. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పి చూడండి, లోపల రాగి తీగ పచ్చగా ఉంటే ఆ కొస రెండంగుళాలు కోసేసి కొత్త కనెక్టర్ వెయ్యండి, కేబుల్ కొంచెం కిందకి వేలాడేలా వదిలితే నీళ్లు లోపలికి పోకుండా అక్కడే కారిపోతాయి. ఇంకోటి, మార్చిలోనూ సెప్టెంబర్ చివర అక్టోబర్ మొదట్లోనూ కొన్ని రోజులు పగలు ఒకే టైముకి కాసేపు పోతే కంగారు పడి డిష్ ముట్టుకోకండి, సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు, దానంతటదే సర్దుకుంటుంది.

డిష్‌లు అమ్మే కొట్లవాళ్లకీ డీటీహెచ్ కంపెనీలకీ నేను అడిగేది ఒక్కటే, బిల్లు మీద బిగించిన రోజు క్వాలిటీ నంబర్ రాసి సంతకం పెట్టండి. కుర్రాళ్లకి ఇన్ని ఇళ్లు బిగిస్తే ఇంత అని డబ్బులిస్తే వాళ్లు బొమ్మ రాగానే దిగిపోతారు, ఆ నంబర్ రాయాల్సి వస్తే ఇంకో పది నిమిషాలు పైన నిలబడతారు. కస్టమర్లు కూడా సంతకం పెట్టే ముందు ఆ స్క్రీన్ తెరిపించి చూడండి.

దండెం ఇప్పుడు గోడకి కొట్టిన కొత్త కొక్కేనికి ఉంది. కొక్కెం ఖర్చు నాదే, ఓనరమ్మ మాత్రం తాడు రెండడుగులు పొట్టిదైపోయిందని ఇంకా అంటూనే ఉన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూర్, చెన్నై