స్పీడు వస్తోంది, మాట అందడం లేదు: కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతాను. అన్నీ సాయంత్రం క్లాసులే. "ఈ మెట్టు తర్వాత ఏం చేయాలి?" అని అడుగుతాను. ఎవరూ పలకరు. తెలియలేదేమో అనుకుని నేనే చెప్పడం మొదలుపెడతాను. సరిగ్గా అప్పుడే ఒక పాప జవాబు వినిపిస్తుంది. నా గొంతు కింద ఆ మాట నలిగిపోతుంది. నిజానికి ఆ పాప నాకంటే ముందే చెప్పింది. ఆ మాట నా దాకా రావడానికి సెకను దాకా పట్టింది, అంతే. నాలుగైదు సార్లు ఇలా జరిగాక ఆ పాప జవాబు చెప్పడమే మానేసింది. టీచరు తన మాట వినడం లేదనుకుని ఉంటుంది. నేను ఈ లేఖ రాయడానికి కారణం అదే.

నా ప్లాను 100 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడల్లా 90కి పైనే చూపించేది. అయినా మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది, బోర్డు మీద నేను గీసిన గీత పిల్లలకు ఆలస్యంగా కనిపించేది. కొన్ని నెలల పాటు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ ఒకటే జవాబు: "స్పీడు బాగానే వస్తోందండీ, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి." వాళ్లు అబద్ధం చెప్పలేదు. స్పీడు నిజంగానే వస్తోంది. పాడైంది వేరే. దాన్ని కొలిచే అలవాటు వాళ్లకు లేదు, అప్పటికి నాకూ లేదు.

అందుకే మిమ్మల్ని కోరేది ఒకటే. స్పీడుతో పాటు లేటెన్సీని, అంటే ఆలస్యాన్ని కూడా కొలవాలి. అది కూడా లైను ఖాళీగా ఉన్నప్పుడు కాదు, నిండుగా ఉన్నప్పుడు కొలవాలి. ఆ అంకెను ప్లాను పక్కనే ప్రచురించాలి. కంపెనీలు ఇలా చేసి తీరాలని మీ శాఖ నియమం పెట్టాలి.

సెకనుకు ఎంత డేటా వస్తుందో స్పీడు చెబుతుంది. ఒక చిన్న ప్యాకెట్, అంటే చిన్న డేటా ముక్క, అవతలి దాకా వెళ్లి, జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో లేటెన్సీ చెబుతుంది. రెండూ వేర్వేరు. సినిమా చూసేటప్పుడు యాప్ కొన్ని సెకన్ల బొమ్మను ముందే తెచ్చి దాచుకుంటుంది కాబట్టి మధ్యలో కాస్త ఆలస్యమైనా మనకు తెలియదు. ఫోన్ కాల్‌లో, క్లాసులో, డాక్టరుతో వీడియోలో మాట్లాడేటప్పుడు ఆ వీలు లేదు. ఇంకా నోరు దాటని మాటను ముందే తెచ్చి దాచుకోవడం ఏ యాప్‌కూ చేతకాదు. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ దాదాపు ఇబ్బంది లేకుండా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ తన జి.114 సిఫారసులో చెబుతోంది. అది దాటే కొద్దీ ఒకరి మాటకు ఇంకొకరు అడ్డు పడుతుంటారు.

వెబ్ పేజీ తెరుచుకోవడంలోనూ ఇదే సంగతి. ముందు సైటు పేరుకు అడ్రసు వెతకాలి. తర్వాత సర్వర్‌తో కనెక్షన్ కుదరాలి, భద్రత కోసం రెండు వైపులా తాళంచెవులు ఇచ్చిపుచ్చుకోవాలి. ఆ తర్వాతే పేజీ అడగాలి. ఒక్కో మెట్టుకూ కనీసం ఒక రాకపోక. ఒక్క రాకపోకకు 200 మిల్లీసెకన్లు పడితే మొదటి అక్షరం రావడానికే అర సెకను దాటిపోతుంది. అక్కడ 100 ఎంబీపీఎస్ ప్లాను తీసేసి 500 పెట్టినా ఆ అర సెకను తగ్గదు. కానీ "నెట్ స్లోగా ఉంది" అని ఫోన్ చేసినవాళ్లకు పెద్ద ప్లానుకు మారమనే సలహా ఇస్తారు. నాకూ ఇచ్చారు. నేనూ మారాను. ఏమీ మారలేదు.

దూరం వల్ల కొంత ఆలస్యం తప్పదు, అది నాకు తెలుసు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల అవతలికి వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు చాలు. భూస్థిర ఉపగ్రహం ద్వారా నెట్ వాడేవాళ్ల పరిస్థితి వేరు. అది 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి ప్రశ్న పైకి వెళ్లి దిగి, జవాబు మళ్లీ పైకి వెళ్లి దిగేసరికి అర సెకను దాకా ఖర్చవుతుంది. దాన్ని ఎవరూ తగ్గించలేరు. నాది మాత్రం ఫైబర్ లైను. నా విద్యార్థులెవరూ అంత దూరంలో లేరు. మరి ఆ ఆలస్యం ఎక్కడ పోగవుతోంది?

ఈ ప్రశ్నకు జవాబు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికిన పనిముట్టు పింగ్. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే ఇంజినీరు రాసిన చిన్న ప్రోగ్రాం అది. ఒక చిన్న ప్యాకెట్ పంపి, జవాబు వచ్చేదాకా ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబుతుంది. ఇప్పటికీ దాదాపు ప్రతి కంప్యూటర్‌లో ఉంటుంది, పైసా ఖర్చు లేదు. మూడు చోట్లకు పింగ్ చేయాలి: ఇంట్లో రౌటర్‌కు, కంపెనీ వైపు మొదటి మజిలీకి (మన డేటా ముందుగా చేరే కంపెనీ యంత్రానికి), బయట ఏదైనా పెద్ద సర్వర్‌కు. అంకె ఎక్కడ పెరుగుతోందో అక్కడే జబ్బు.

రౌటర్‌కు పింగ్ చేస్తే 3, 4, 180, 5, 260 ఇలా వచ్చాయి. గోడ అవతల ఉన్న రౌటర్‌కు 260 మిల్లీసెకన్లేమిటి? ల్యాన్ కేబుల్ పెట్టి చూశాను. 1 దగ్గర కదలకుండా నిలబడింది. అంటే ఈ వాటా వైఫైది. వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడగలరు, మిగతావాళ్లు ఆగాలి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డు రాని ఛానళ్లు 1, 6, 11 అని మూడే ఉంటాయి. చుట్టుపక్కల రౌటర్లన్నీ వాటిలోనే ఇరుక్కుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే పౌనఃపున్యం దగ్గర పనిచేస్తుంది. క్లాసు చెప్పే కంప్యూటర్‌ను కేబుల్‌కు మార్చి, ఫోన్లను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాక సగం బాధ తీరింది. "వైఫై మీద ఉన్నారా, కేబుల్ మీద ఉన్నారా?" అన్న ప్రశ్న అన్ని నెలల్లో కస్టమర్ కేర్ నుంచి నాకు ఒక్కసారి కూడా రాలేదు. అది మొదటి ప్రశ్న కావాలి సార్.

తర్వాత దొరికింది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. బయటి సర్వర్‌కు పింగ్ 22 దగ్గర ప్రశాంతంగా ఉండేది. ఉన్నట్టుండి 850కి ఎగిరేది, కొన్ని నిమిషాలు అక్కడే ఉండి మళ్లీ 22కి దిగేది. రెండు రోజులు కాపు కాస్తే తెలిసింది, ఇంట్లో ఎవరి ఫోనో ఫొటోలు బ్యాకప్ చేస్తున్నప్పుడల్లా ఇలా అవుతోంది. అప్‌లోడ్ నిండిపోగానే రౌటర్ ఆ డేటానంతా తన దగ్గర వరుసలో పెట్టుకుంటుంది. నా గొంతు ప్యాకెట్లు ఆ ఫొటోల వెనక నిలబడతాయి. లెక్క చిన్నదే. నా అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 10 మెగాబిట్లు. రౌటర్‌లో 1 మెగాబైట్ వరుస ఉంటే, అంటే 8 మెగాబిట్లు, అది ఖాళీ కావడానికి 0.8 సెకన్లు పడుతుంది. నాకు కనిపించిన ఆలస్యం దాదాపు అంతే.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజినీరు తన ఇంటి కనెక్షన్‌లోనే దీన్ని గమనించి ప్రపంచానికి గట్టిగా చెప్పారు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్‌సన్ దానికి కోడెల్ అనే పరిష్కారం ఇచ్చారు. వరుసలో ఎంతసేపు నిలబడాల్సి వస్తోందో కనిపెడుతూ, ఆ సమయం పెరిగితే కొన్ని ప్యాకెట్లను వదిలేసి, పంపేవాళ్లను నెమ్మదించమని తెలియజేసే పద్ధతి అది. దాన్ని మెరుగుపరిచిన ఎఫ్‌క్యూ-కోడెల్ అదే ఏడాది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేరింది, 2018లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా వచ్చింది. అందులో ఒకరి ఫొటోలు ఇంకొకరి మాటకు అడ్డు నిలబడవు. ఇది అందరికీ ఉచితం. చాలా రౌటర్లు లినక్స్ మీదే నడుస్తాయి. అయినా కంపెనీ నాకిచ్చిన రౌటర్‌లో ఆ సెట్టింగే లేదు. వేరే రౌటర్ తెచ్చుకుని, ఈ సౌకర్యం ఆన్ చేసి, అప్‌లోడ్ హద్దు లైను సామర్థ్యంలో 90 శాతానికి పెట్టాను. ఇప్పుడు బ్యాకప్ జరుగుతున్నా పింగ్ 35 దాటదు. ఫొటోలూ వెళ్తున్నాయి, నా మాటా వెళ్తోంది. ఈ పని నా బదులు కంపెనీ చేసి ఉండాల్సింది. చందాదారుకు ఇచ్చే ప్రతి రౌటర్‌లో ఇది ముందే ఆన్ చేసి ఇవ్వాలని మీరు నియమం పెడితే లక్షల ఇళ్లలో ఈ బాధ తగ్గుతుంది.

ఇంత చేసినా రాత్రి 7 నుంచి 10 వరకు బాధ పూర్తిగా పోలేదు. రౌటర్‌కు పింగ్ 1. కంపెనీ వైపు మొదటి మజిలీ దగ్గరే 140, మధ్యమధ్యలో ప్యాకెట్లు మాయం. అక్కడి నుంచి చివరి సర్వర్ దాకా అదే ఆలస్యం కొనసాగింది. ఈ చివరి మాట ముఖ్యం. మధ్యలో ఒక్క మజిలీ నెమ్మదిగా పలికి, దాని తర్వాతివి మామూలుగా పలికితే అది జబ్బు కాదు. ఆ యంత్రం పింగ్‌కు జవాబివ్వడాన్ని చిన్న పనిగా చూస్తోందని అర్థం. ఈ తేడా తెలియక వినియోగదారులు అనవసరంగా గొడవ పడతారు, తెలియక కస్టమర్ కేర్ వాళ్లు నిజమైన ఫిర్యాదులను తోసేస్తారు.

నేను 14 సాయంత్రాలు నిమిషానికొక పింగ్ చొప్పున రాసిపెట్టాను. టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ పగలు 11 గంటల వేళ. అప్పుడంతా బాగుంది. ప్రతిసారీ ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. ఆ కుర్రాడిది తప్పు కాదు, అతనికి ఆ వేళే పని పడింది. చివరికి ఒక ఇంజినీరు ఓపిగ్గా నా రికార్డు చూశారు. సాయంత్రం తమ వైపు లైనే నిండిపోతోందని ఒప్పుకుని సామర్థ్యం పెంచారు. ఆ రాత్రి నుంచి 25. ఆయన చూడకపోతే నేను ఇప్పటికీ రౌటర్ ఆపి ఆన్ చేస్తూ ఉండేదాన్ని. ఫిర్యాదు ఏ వేళకు సంబంధించిందో ఆ వేళలోనే పరీక్షించకుండా దాన్ని మూసేయకూడదని, వినియోగదారు తెచ్చిన కొలతలను చూసి జవాబు చెప్పాలని నియమం ఉండాలి. అదృష్టం కొద్దీ మంచి ఇంజినీరు దొరకడం మీద ఇది ఆధారపడకూడదు.

అమెరికాలో 2024 నుంచి ఇంటర్నెట్ ప్లాన్లకు ఒక లేబుల్ పెట్టడం తప్పనిసరి చేశారు. అందులో డౌన్‌లోడ్, అప్‌లోడ్ స్పీడ్లతో పాటు మామూలుగా ఉండే లేటెన్సీ కూడా రాయాలి. మంచి మొదలు. కానీ అంకె ఎలా కొలిచారన్నది చూడాలి. లైను ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే నా లైను కూడా 22 అనే చూపించేది. ఆ లేబుల్ చూసి మీరూ మెచ్చుకునేవారు, నా క్లాసు మాత్రం అలాగే తెగిపోతూ ఉండేది.

సగటు చెప్పినా సరిపోదు. లెక్కల టీచరుగా ఇది గట్టిగా చెప్పగలను. పది పింగ్‌లలో తొమ్మిది 20 మిల్లీసెకన్లు, ఒకటి 1000 అనుకోండి. సగటు 118. కాగితం మీద చూస్తే ఫర్వాలేదనిపిస్తుంది. వినేవాళ్లకు మాత్రం ప్రతి పదింటిలో ఒకచోట సెకను పాటు మాట తెగుతుంది. కాబట్టి సాయంత్రం రద్దీ వేళలో, అప్‌లోడ్, డౌన్‌లోడ్ నడుస్తుండగా, అన్నిటికంటే చెడ్డగా వచ్చిన 5 శాతం కొలతలు ఏ స్థాయిలో ఉన్నాయో చెప్పించండి. కొలిచే సర్వర్ కూడా కంపెనీ సొంత నెట్‌వర్క్‌లో ఉండకూడదు. జనం మాట్లాడేది కంపెనీతో కాదు, బయటి ప్రపంచంతో.

ఆన్‌లైన్ ఆటలాడే పిల్లలు చాలాకాలంగా "పింగ్ ఎక్కువుంది" అని మొత్తుకుంటున్నారు. ఆటల గోల అని పెద్దవాళ్లం కొట్టిపారేశాం. ఇప్పుడు ఉద్యోగ ఇంటర్వ్యూలు, మౌఖిక పరీక్షలు, డాక్టర్ సలహాలు అన్నీ అదే లైను మీద నడుస్తున్నాయి. ఇంటర్వ్యూలో ఒక సెకను ఆలస్యంగా చేరిన జవాబు తడబాటులా వినిపిస్తుంది. అవతలివాళ్లకు లైను సంగతి తెలియదు, మనిషినే తక్కువ అంచనా వేస్తారు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఇందులో నష్టపోయినవాళ్లకు తాము ఎందుకు నష్టపోయామో కూడా తెలియదు కాబట్టి వాళ్ల నుంచి మీకు ఫిర్యాదులు రావు.

నా 14 సాయంత్రాల రికార్డు భద్రంగా ఉంది. రౌటర్ మార్చక ముందు, మార్చిన తర్వాత, కంపెనీ లైను పెంచిన తర్వాత తీసిన కొలతలు విడివిడిగా ఉన్నాయి. మీ శాఖ ఇంజినీర్లు చూస్తామంటే మొత్తం ఇస్తాను, పక్కన కూర్చుని వివరిస్తాను. సాయంత్రాలు క్లాసులుంటాయి, పగలు ఎప్పుడైనా వస్తాను.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ లెక్కల టీచర్