లెక్కలోకి రాని కంతు

సంపాదకులకు,

దేశంలో పేదరికం తగ్గిందనే మాట ఈ మధ్య తరచూ వింటున్నాం. 2013-14లో 29.17 శాతంగా ఉన్న బహుముఖ పేదరికం 2022-23 నాటికి 11.28 శాతానికి దిగిందని, 24.82 కోట్ల మంది అందులోంచి బయటపడ్డారని 2024 జనవరిలో నీతి ఆయోగ్ చెప్పింది. ఆ లెక్క తప్పని నేననను. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, అంకెలంటే గౌరవమే. కానీ ఆ లెక్క కట్టే 12 అంశాల్లో గ్యాసు, మరుగుదొడ్డి, కరెంటు, బ్యాంకు ఖాతా ఉన్నాయి గానీ అప్పు లేదు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే ఒకావిడ దగ్గర రోజూ రెండు మూరలు కొంటాను. జీవకోనలో ఒక్క గది అద్దె ఇల్లు. గ్యాసుంది, కరెంటుంది, ఖాతా ఉంది, ఫోనూ ఉంది. ఆ లెక్కలో ఆమె పేదరాలు కాకపోవచ్చు. సాయంత్రం ఏడయ్యేసరికి బైకు మీద ఒక కుర్రాడొస్తాడు. ఇంజను కూడా ఆపడు. ఆమె తడి చేత్తోనే వంద నోటు తీసిస్తుంది. అతను అట్ట కార్డులో ఒక గడి మీద గీత గీసి వెళ్లిపోతాడు. కార్డులో వంద గడులుంటాయి. పేరుకు పదివేల అప్పు, చేతికిచ్చింది 8,500.

"నూటికి పదిహేనే కదా సార్" అంది నాతో. కాదమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. రోజూ వంద కడుతూ పోతుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున ఆమె దగ్గరున్న సొమ్ము 4,250 రూపాయలే. దాని మీద 1,500 వడ్డీ. ఏడాదికి లెక్కేస్తే సుమారు 129 శాతం! ఇంట్లో బంగారం ఉన్నవాళ్లం బ్యాంకుకెళ్లి 9, 10 శాతానికి తెచ్చుకుంటూ, వడ్డీ ఎక్కువైందని గొణుక్కుంటాం.

వాన పడితే బేరాలుండవు. మల్లెలు రాత్రికి విచ్చుకుని, తెల్లారేసరికి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ రోజు గడి ఖాళీ. మర్నాడు రెండు వందలు కట్టాలి. అప్పుడు ఇంకో కుర్రాడి దగ్గర ఇంకో కార్డు తీసుకుంటారు.

అసలు అప్పు ఎందుకు చేసిందంటే, భర్త తాపీపని చేస్తూ సారువ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎన్టీఆర్ వైద్యసేవలో ఆపరేషన్ ఉచితంగానే అయింది. మూడు నెలల కూలి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం వచ్చింది, కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సూ వసూలవుతోంది. అయితే పేరు నమోదు కావాలంటే అంతకు ముందు ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి. పొద్దున్నే అడ్డా మీద నిలబడి రోజుకో మేస్త్రీ వెంట పోయే మనిషికి ఆ 90 రోజులూ ఎవరు రాసిస్తారు?

వీధి వ్యాపారులకు పూచీకత్తు లేకుండా బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం పీఎం స్వనిధి ఉంది కదా అని మీరనవచ్చు. 2020లో పదివేలతో మొదలైన పథకం, ఇప్పుడు తొలి విడత 15 వేలు. సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ కూడా. మంచి పథకమే. కానీ వీధి వ్యాపారుల సర్వేకి వచ్చినప్పుడు ఆమె పురిటికని కూతురి ఊళ్లో ఉంది. వ్యాపారి గుర్తింపు కార్డు రాలేదు. ఏం చేయాలో అడుగుదామని ఒక బ్యాంకుకు వెళితే, పాత గ్రూపు అప్పులో రెండు కంతులు తప్పాయని క్రెడిట్ స్కోరు చూపించి పంపేశారు.

వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. నేనూ అదే పని చేశాను. పదివేల అప్పుకీ పది లక్షల అప్పుకీ కాగితాల పని ఇంచుమించు ఒకటే. మార్చి నెల టార్గెట్ల టెన్షన్‌లో ఏ మేనేజరైనా పెద్దదే చూసుకుంటాడు. ఎంతమందికి "తర్వాత రండమ్మా" అన్నానో లెక్క పెట్టుకోలేదు.

పేదరికం లెక్క కోసం చేసే వచ్చే సర్వేల్లో ఇంటి అప్పు, దాని మీద కట్టే వడ్డీ కూడా అడగాలి. పూల అంగళ్లు, కూరగాయల బళ్లు ఉన్న వీధుల్లో సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా బ్యాంకులు ఒక చిన్న కౌంటర్ తెరవాలి. రోజుకు వంద చొప్పున వాళ్లే వసూలు చేసుకోవచ్చు, ఆమె ఎలాగూ కడుతూనే ఉంది.

మొన్న కార్డులో 94వ గడి నిండింది. ఇంకో ఆరు రోజుల్లో అయిపోతుందిగా అన్నాను. "ఈసారి పన్నెండు వేలిస్తామన్నారు సార్" అంది, మూర కొలుస్తూ.

– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తిరుపతి