భూటాన్ గేటు దగ్గర ఆగిపోయిన మా అక్క

సంపాదకులకు నమస్కారం.

దసరా దగ్గరపడుతున్న కొద్దీ పత్రికల్లో టూర్ల ప్రకటనలు ఎక్కువవుతాయి. 'తొమ్మిది రోజుల్లో నేపాల్, భూటాన్' అన్న మాట కనిపించినప్పుడల్లా నాకు మా అక్క గుర్తొస్తుంది. నిరుడు మాకు జరిగింది ఇంకో ఇంటివాళ్లకు జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది విజయనగరం. హైస్కూళ్లలో హిందీ పండిట్‌గా పనిచేసి రిటైరయ్యాను. అక్క రాజాంలో ఉంటుంది, అరవై ఒకటో ఏడు. బావగారు పోయాక చీటీ కట్టుకుంటూ, ఆ డబ్బుతో పశుపతినాథుణ్ణి చూడాలని అనుకునేది. నేపాల్ దాకా వెళ్తున్నాం కదా, పక్కనే ఉన్న భూటాన్ కూడా చూసొద్దాం అన్నది నేను. విజయనగరం పక్కనున్న రామతీర్థం కొండ మీద బౌద్ధుల శిథిలాలు ఎన్నోసార్లు చూశాను. దీపాలు వెలుగుతూ, భిక్షువులు తిరుగుతూ ఉన్న బౌద్ధారామాన్ని ఒక్కసారైనా చూడాలని నా కోరిక.

పక్కనే అనుకున్నాం గానీ, ఆ రెండు దేశాలకూ ఎక్కడా సరిహద్దు కలవదు. మధ్యలో మన సిక్కిం, డార్జిలింగ్ ప్రాంతం ఉన్నాయి. నేపాల్‌లోని కాకర్‌భిట్టా దగ్గర మేచీ నది వంతెన దాటి మన పానీటంకీకి రావాలి. అక్కడి నుంచి సిలిగురి, ఆ తర్వాత తేయాకు తోటల మధ్య నుంచి నూట యాభై కిలోమీటర్ల దాకా ప్రయాణం చేస్తే జైగావ్ వస్తుంది. జైగావ్ మన ఊరే. వీధి చివర గేటు దాటితే భూటాన్ వాళ్ల ఫుంట్‌షోలింగ్. ఈ దారికి ఒక రోజు పూర్తిగా పోతుంది. మా టూర్ ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఆ రోజే లేదు. ఖాట్మండు, పోఖరా, ముక్తినాథ్, పారో, థింపూ అన్నీ మాత్రం ఉన్నాయి. ముక్తినాథ్ దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటని అక్కకు ఎంతో ఆశ. కానీ ఆమెకు బీపీ ఉంది. డాక్టరు గారు వద్దన్నారు కాబట్టి దాన్ని మేమే తీసేయించాం. ఎత్తు సంగతి ఏజెంటు చెప్పలేదు, మేము అడిగితే తెలిసింది.

కాగితాల గురించి కూడా అడిగాం. "ఆధార్ ఉంటే చాలమ్మా, రెండు దేశాలకీ పాస్‌పోర్టు అక్కర్లేదు" అన్నాడు. పాస్‌పోర్టు లేకపోయినా వెళ్లొచ్చు, అది నిజమే. కానీ పాస్‌పోర్టు లేనివాళ్లు ఓటరు కార్డు చూపించాలి, భూటాన్‌లో ఆధార్ చెల్లదు. మా ఆయనకు మా ఇద్దరి ఓటరు కార్డులూ పర్సులో పెట్టుకునే అలవాటు. అక్క కార్డు మాత్రం రాజాంలో బీరువాలో, చీరల కింద ఉండిపోయింది.

విజయనగరంలో దిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి న్యూ జల్పాయ్‌గురిలో దిగాం. కాకర్‌భిట్టాలో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. జనం సంచులు పట్టుకుని వంతెన మీద అటూ ఇటూ నడిచిపోతున్నారు. 1950లో మనకూ నేపాల్‌కూ కుదిరిన ఒప్పందం నాటి నుంచీ రెండు దేశాల మధ్య రాకపోకలు అలాగే ఉన్నాయి. అంత సులువుగా దాటేసరికి, ముందున్నదీ ఇంతే అనుకున్నాం. అక్కడే మోసపోయాం.

నేపాల్‌లో గడియారం మనకన్నా పావుగంట ముందు నడుస్తుంది. మన వంద రూపాయలకు వాళ్లవి నూట అరవై. వంద నోట్లే తీసుకెళ్లాం కాబట్టి డబ్బుకు ఇబ్బంది పడలేదు. నా హిందీతో అన్ని పనులూ జరిగాయి. పశుపతినాథ ఆలయంలో ప్రధాన అర్చకులు కర్ణాటక నుంచి వెళ్లిన భట్టులని చెబితే అక్క నమ్మలేదు. "మన దక్షిణాది వాళ్లే?" అని రెండుసార్లు అడిగింది. గుడి పక్కనున్న బాగమతి నది ఒడ్డున మెట్ల మీద కూర్చుని, బావగారి పేరు తలచుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. ఆ గంట కోసమైనా ఆ ప్రయాణం చేసినందుకు నాకు సంతోషమే.

నాలుగు రోజుల తర్వాత ఫుంట్‌షోలింగ్‌లో పర్మిట్ కౌంటర్ దగ్గర అక్క ఆధార్ కార్డు తీసింది. అక్కడున్న ఉద్యోగి ఎంతో మర్యాదగా, హిందీలో, ఇది కుదరదన్నాడు. రాజాంలో పక్కింటివాళ్ల చేత బీరువా తీయించి కార్డు ఫోటో వాట్సాప్‌లో తెప్పించాం. అసలు కార్డు ఉండాలన్నారు. వాళ్ల నిబంధన వాళ్లది, అతణ్ణి ఏమనగలం? జీవితమంతా హిందీ పాఠాలను తెలుగులో చెప్పినదాన్ని, ఆ నాలుగు ముక్కలు అక్కకు చెప్పడానికి నోరు రాలేదు. నా ముఖం చూసి ఆమే అర్థం చేసుకుంది. "నా కోసం నువ్వు ఆగిపోకే, ఎల్పోయి రా" అంది. నేను వెళ్లలేదు. మా ఆయనను మిగతావాళ్లతో పంపించి, మేమిద్దరం జైగావ్‌లో లాడ్జి తీసుకున్నాం. మూడు రోజులూ అక్క పొద్దున్నే ఆ రంగుల గేటు దాకా నడిచి, వెనకున్న కొండలు చూసి వచ్చేది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు కాస్త తేలికయ్యేదేమో. ఏజెంటు ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు.

ఈసారి ప్లాన్ నేనే వేస్తున్నాను. అక్కా, మేమిద్దరం, పదకొండు రోజులు. ముందు భూటాన్. కాగితాల పట్టింపు ఎక్కడ ఎక్కువో ఆ దేశం మొదట చూడాలని నిర్ణయించుకున్నాను. అక్కడ మనవాళ్లు ఒక్కొక్కరు రాత్రికి 1,200 రూపాయలు రుసుము కట్టాలి. ముగ్గురికి నాలుగు రాత్రులకు 14,400 అవుతుంది, హోటలు, బండి ఖర్చు వేరే. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అందులో సగం, అంతకన్నా చిన్నవాళ్లకు లేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు జనన ధ్రువపత్రం అసలుది దగ్గర ఉంచుకోవాలి. అక్కడి డబ్బు ఙుల్ట్రమ్, మన రూపాయితో సమానం. పారోలోని తక్త్‌సంగ్ మఠం కొండ అంచున ఉంటుంది. అక్క మోకాళ్లకు ఆ ఎక్కుడు పడదు, కింద నుంచే చూస్తుంది. పారో నుంచి ఖాట్మండుకు విమానం ఉంది. టికెట్టు ఖరీదైనా ఎంచుకున్నాను, ఎందుకంటే సిలిగురి మీదుగా తిరిగి వెళ్లే బస్సు ప్రయాణం తప్పుతుంది. మన దేశం నుంచి విమానంలో నేపాల్ వెళ్లే మనవాళ్లలో పదిహేనేళ్లకు పైన, అరవై ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లకు అక్కడ కూడా పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. పోఖరా తీసేశాను. ఖాట్మండు నుంచి రెండు వందల కిలోమీటర్లే గానీ కొండదారిలో ఒక పగలు తినేస్తుంది.

మీకు నా మనవి ఒకటే. ఇలాంటి టూర్ల గురించి రాసినప్పుడు, ప్రకటనలు వేసినప్పుడు, ఏ దేశానికి ఏ కార్డు చెల్లుతుందో విడివిడిగా ఒక చిన్న పెట్టెలో తెలుగులో అచ్చువేయండి. డబ్బు కట్టించుకునే ఏజెంట్లు కూడా రసీదు మీదే ఆ జాబితా రాసి, సంతకం పెట్టి ఇచ్చేలా అధికారులు చూడాలి. మన దగ్గర చీటీ డబ్బుతో, పెన్షన్ డబ్బుతో జీవితంలో ఒక్కసారి వెళ్లేవాళ్లే ఎక్కువ.

మా ఊరి పైడితల్లి సిరిమాను జాతర అయ్యాక, కార్తీకంలో బయల్దేరుతున్నాం. అక్క పోయిన వారమే రాజాం నుంచి బస్సులో వచ్చి తన ఓటరు కార్డు నా చేతికిచ్చి వెళ్లింది.

ఇట్లు,
విశ్రాంత హిందీ ఉపాధ్యాయురాలు,
విజయనగరం