ఎపిడారస్ గొప్పతనం నాణెం చప్పుడులో లేదు

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో గ్రీసులోని ఎపిడారస్ నాటకశాలపై మీరు వేసిన వ్యాసానికి సవరణ వస్తుందని నాలుగు రోజులు ఎదురుచూశాను, రాలేదు. రంగం నడుమ నాణెం పడేస్తే చివరి వరుసకు వినబడుతుందన్న కబురుతోనే సగం పేజీ నింపారు. 2017లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు అక్కడే కొలతలు తీసి, ఆ చప్పుడు నాణేనిదని పోల్చుకోగలిగేది సగం మెట్ల వరకేనని, గుసగుస ముందు వరుసలు దాటి అర్థం కాదని, నటుడు గొంతెత్తి పలికితేనే మాట పైవరకూ చేరుతుందని తేల్చారు. మైకులు లేకుండా పద్యనాటకాలాడిన నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

అసలు చెప్పవలసిన నిర్మాణాన్ని మాత్రం రెండు వాక్యాలతో సరిపెట్టారు. క్రీ.పూ. 4వ శతాబ్దపు ఆ గ్రీకు శిల్పులు కొండవాలునే ఆధారం చేసుకుని, సుమారు 20 మీటర్ల వ్యాసం గల వృత్తాకార రంగం చుట్టూ, అర్ధవృత్తాన్ని కాస్త మించి, ప్రేక్షకులు కూర్చునేందుకు సున్నపురాతితో 34 వరుసలు పేర్చారు. తరువాతి కాలంలో వాటి పైనున్న నడవాకు ఎగువన మరో 21 చేరాయి. కింద 12, పైన 22 భాగాలుగా మెట్లదారులు చీల్చడం వల్ల వేలాది మంది తొక్కిసలాట లేకుండా ఎక్కి దిగగలరు. ఆ రాతి వరుసలే జనం కలకలం వంటి మంద్రధ్వనులను అణచి నటుడి గొంతును నిలుపుతాయని 2007లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వివరించారు. ఇదంతా వదిలేసి దానిని 'రోమన్ యాంఫీ థియేటర్' అనడం క్షమించరానిది. యాంఫీ థియేటర్‌లో ప్రేక్షకులు రంగానికి నాలుగు వైపులా కూర్చుంటారు; ఇక్కడ ఒక వైపు నటుల వెనక నిలిచే రంగభవనం ఉండేది.

వింతలు చాలు, వివరం అక్కరలేదనే ఈ ధోరణి పత్రికలతో ఆగలేదు. మా ఊళ్లో ఆరుబయట రంగస్థలం కట్టినప్పుడు, వెనక కూర్చున్నవారికి నటుడి ముఖమైనా కనబడేలా నేలను వాలుగా చేయమని ఎన్నిసార్లు విన్నవించినా, అధికారులు తెరలూ మైకులూ ఉన్నాయి కదా అన్నారు. ఇప్పుడక్కడ నాటకానికి వచ్చినవారు ముందున్నవారి తలలు చూసి తిరిగి వెళ్తున్నారు.

వచ్చే ఆదివారమైనా తప్పు సవరించి, ఆ నాటకశాల ప్లాను బొమ్మను పాఠకులకు అందించమని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తెనాలి